బిగింపు

లోపల గ్రైండర్ తిరుగుతోంది. కళ్ళు మూసుకుని చెప్పగలను, అది ముతక రాయి కాదు, సన్నది. అంచుకి ఆనిస్తున్నారు, తీస్తున్నారు, వేలితో తడిమి చూసుకుని మళ్ళీ ఆనిస్తున్నారు. ఇరవై రెండేళ్ళుగా తాళంచెవులు కోసి బతుకుతున్నవాణ్ణి, చప్పుడుని బట్టి పని ఎందాకా వచ్చిందో ఆ మాత్రం తెలుస్తుంది. అక్కడ అరుగుతున్నది మా తమ్ముడి కొత్త కాలు. మోకాలి కింద మిగిలినదాన్ని దూర్చడానికి గిన్నెలాంటిది ఒకటుంటుంది, దాని అంచు ఒకచోట ఒరుసుకుంటోందట. సరిచేసి, తొడిగి, నడిపించి చూస్తాను, గంట పడుతుంది, మీరు బయట కూర్చోండి అంది కాళ్ళు తయారుచేసే మేడం. వసారాలో ఈ చెక్కబల్ల మీద కూర్చున్నాను. ఎదురుగా గోడకి వరసగా మేకులు, మేకులకి తెల్లటి ప్లాస్టరు అచ్చులు, ఒక్కోదాని మీద పెన్సిలుతో ఒక అంకె. మావాడిది ఏదో గుర్తుపడదామని చూసి, గుర్తుపట్టగానే కళ్ళు తిప్పేసుకున్నాను. ఇవాళ చెప్పెయ్యాలి. వాడు నడిచాక, ఇద్దరం ఈ గేటు దాటేలోపు. ఏడు నెలలుగా రోజూ పొద్దున లేవగానే ఇవాళే అనుకుంటున్నాను, కొట్టు మూసే వేళకి రేపు అనుకుంటున్నాను. మా వీధిలో ఎవరి తలుపు తెరుచుకోకపోయినా నా కోసం కబురు పంపుతారు, తీగముక్క పెట్టి రెండు నిమిషాల్లో తెరుస్తాను. నా నోరు మాత్రం తెరుచుకోవడం లేదు.

ఏమంత పెద్ద మాట అని. రేడియో కాదురా, నేను. అంతే. మిగతాది వాడికే అర్థమవుతుంది, పందెం బళ్ళ సంగతి వాడికి నాకన్నా తక్కువేం తెలియదు. చూడనివాళ్ళు బొమ్మ కార్లు అనుకుంటారు. బొమ్మ కాదది. పద్నాలుగు కిలోల బరువు, పెట్రోలు ఇంజను, మైదానం అంచున అరుగు మీద నిలబడి చేతిలో రిమోటు, మేం రేడియో అంటాం, అది పట్టుకుని నడుపుతాం. తిన్నని దారిలో పడిందంటే మోటారుసైకిలు కూడా దాని వెనకే. ముందు చక్రాలని తిప్పేది రెండు అగ్గిపెట్టెలంత మోటారు, సర్వో అంటారు దాన్ని. సర్వో పళ్ళ నుంచి చక్రాలకి వెళ్ళే దారిలో ఒక చేయి, ఆ చేతి మొదట్లో ఒక స్ప్రింగు. ఆ స్ప్రింగుకి ఒకటే పని, దెబ్బ తినడం. చక్రం రాయికి కొట్టుకుంటే ఆ అదురు పళ్ళ దాకా పోకుండా అది కాస్త వంగి, మళ్ళీ సర్దుకుంటుంది. అలా వంగే గుణం ఉంది కాబట్టే, మలుపులో మనం తిరగమన్నప్పుడు కూడా బండి రవ్వంత ఆలోచించి తిరుగుతుంది. ఆ రవ్వంత ఆలోచనే నాకు గిట్టలేదు. నాకన్నా చిన్నవాళ్ళు, నిన్నగాక మొన్న బళ్ళు కొన్నవాళ్ళు మూడో మలుపులో నన్ను దాటిపోతున్నారు. వాళ్ళ వేళ్ళు నా వేళ్ళకన్నా చురుకైనవని ఒప్పుకోవడం కన్నా స్ప్రింగు మీద నెపం పెట్టడం తేలిక.

స్ప్రింగు లేని చేయి నేనే చేసుకున్నాను. అల్యూమినియం పలక, మూడు తాళంచెవులు పేర్చినంత మందం. దాని మీద సూదితో గీత గీసుకుని, రంపంతో కోసి, మూడు సాయంత్రాలు ఆకురాయి పట్టాను. మొదట ముతకది, తరవాత సన్నది, చివర్న నీళ్ళతో ఉప్పుకాగితం. సర్వో పళ్ళ మీద కూర్చునే రంధ్రాన్ని తాళం లోపలి గాడుల్ని చెక్కే పనిముట్టుతో చెక్కాను. పెట్టి నొక్కితే టక్కున కూర్చుంది, వెంట్రుక దూరేంత సందు కూడా లేదు. అంత అందమైన వస్తువు నా చేత్తో ఇంకోటి చేయలేదు, అది నిజం, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా నిజమే. వేలితో చక్రాన్ని కదిపితే కదలదు. బండీ నేనూ ఒకటే ఒళ్ళు. మా పందేల క్లబ్బులో మాస్టారు, డ్రాయింగ్ మాస్టారుగా రిటైరైన పెద్దాయన, దళసరి అట్ట మీద గుండ్రటి అక్షరాలతో రాసి అంటించిన మొదటి నియమమే అది: స్ప్రింగు లేని స్టీరింగుని ట్రాక్ మీదికి రానివ్వం. పందేనికి ముందు ఆయన ప్రతి బండి ముందూ గొంతుక్కూర్చుని ముందు చక్రాన్ని బొటనవేలితో నొక్కి చూస్తాడు, మెత్తగా వెనక్కి వస్తేనే చీటీ ఇస్తాడు. ఆయన నొక్కినప్పుడు నా బండికి స్ప్రింగు ఉంది. చీటీ తీసుకుని గుడారంలోకి వెళ్ళి, ఆరు నిమిషాల్లో, రెండు మరలు విప్పి, రెండు మరలు బిగించాను.

మా నాన్న రోడ్డు రోలరు నడిపేవాడు. మన ఇంట్లో వేగం పిచ్చి ఎక్కడినుంచి వచ్చింది అన్నయ్యా అని తమ్ముడు నవ్వేవాడు, ప్రపంచంలో కల్లా నెమ్మదైన బండి కదా మన నాన్నది అని. సెలవుల్లో ఒకళ్ళ తరవాత ఒకళ్ళని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చక్రం ఇచ్చేవాడు. ఎంత తిప్పినా ఏమీ జరిగేది కాదు. గొలుసులో వదులు అంతా అయిపోయేదాకా ఊరికే తిరిగేది, అప్పుడు ఎక్కడో కింద ఒక మూలుగు వినిపించి ఆ పెద్ద ఇనప డోలు తీరిగ్గా పక్కకి మళ్ళేది. నేను విసుక్కుని ఇంకా ఇంకా తిప్పేసేవాణ్ణి, రోలరు రోడ్డు దిగిపోయేది. తమ్ముడు అలా కాదు, కొంచెం తిప్పి ఆగేవాడు, తల వంచి వినేవాడు. వీడికి చేయి కుదిరింది అనేవాడు నాన్న. అప్పుడు వాడికి ఆరేళ్ళు, నాకు పది. తారు వాసన, నాన్న లుంగీకి కిరసనాయిలు వాసన, సీటు కింద నుంచి ఒళ్ళంతా పాకే వణుకు. ఆ మాట విన్న రోజున రోలరు దిగి తమ్ముణ్ణి కంకరకుప్ప మీదికి తోశాను. మోచేయి దోక్కుపోయింది. పడ్డానని చెప్పాడు ఇంట్లో. తోశాడని చెప్పలేదు. వాడెప్పుడూ చెప్పలేదు.

"ఇక్కడేనాండీ కొలతలు తీసేది?"

చంకలో కర్ర పెట్టుకున్న ఒకావిడ. అవునన్నాను, గంట పడుతుందన్నాను. ఆవిడ నా రెండు కాళ్ళకేసి చూసి, ఎవరికి, అంది. తమ్ముడికి. అయ్యో, ఎలా జరిగింది? నోరు తెరిచాను. ప్రమాదం, అన్నాను. ఆవిడ నిట్టూర్చి, పోన్లెండి, తోడబుట్టినవాడు పక్కనుంటే సగం బలం అంది. ఆ మాటకి నవ్వాలో ఏం చేయాలో తెలియక చెప్పులోంచి లేని రాయిని దులిపాను. గ్రైండర్ ఆగింది. లోపల తమ్ముడి గొంతు, ఏదో అంటున్నాడు, మేడం పగలబడి నవ్వుతోంది. వాడు ఎక్కడికి వెళ్ళినా అంతే, ఆపరేషన్ గదిలోకి తోసుకెళ్తుంటే కూడా, డాక్టరుగారూ, కుడికాలే కదా, రాసిపెట్టుకున్నారా అని అడిగాడట. స్పృహ వచ్చాక మొదటి మాట, అన్నయ్యా, ఇకనుంచి నాకు ఒక చెప్పే అరుగుతుంది, రెండోది నువ్వు వాడుకో. నేను నీళ్ళు తెస్తానని వరండాలోకి వెళ్ళిపోయాను.

ఆ ఆదివారం వాడు రావాల్సింది కాదు. శనివారం గాలివాన పడి సగం ఊరికి కరెంటు పోయింది, రాత్రంతా స్తంభాల మీదే ఉన్నాడు. లైన్‌మన్ వాడు, ఎక్కేటప్పుడు చూడాలి, కాళ్ళకి కొక్కేలు తొడుక్కుని మెట్లెక్కినట్టు ఎక్కేస్తాడు, పైన నడుముపట్టీ బిగించుకుని వెనక్కి వాలి రెండు చేతులూ వదిలేసి పని చేస్తాడు. మలుపుల్లో నిలబడి తిరగబడ్డ బళ్ళని లేపి పెట్టేవాళ్ళు తక్కువయ్యారని నేనే ఫోన్ చేశాను. ఆవలిస్తూ వచ్చాడు. "అన్నయ్యా, మూడో మలుపు నాకియ్యి, అక్కడ నీడుంది" అన్నాడు. ఇచ్చాను. నేనే ఇచ్చాను. రెండో చుట్టులో నా కుడి చక్రం అంచురాయికి తగిలింది. పెద్ద దెబ్బ కాదు. స్ప్రింగు ఉంటే మింగేసేది. లేదు కాబట్టి ఆ అదురు నేను అంత ముచ్చటపడి చెక్కిన చేతిలోంచి సూటిగా సర్వో పళ్ళకి పోయింది, ఆ పైన బండి తిన్నగా పోకుండా ఇంతింతే కుడికి లాగడం మొదలుపెట్టింది. పన్ను విరిగింది. తెలిసింది. అనుమానం కాదు, తెలిసింది, చేతిలో తాళంచెవి విరిగితే తెలిసినట్టు. రేడియో మీద చిన్న చక్రం తిప్పి ఆ లాగుడుని సరిదిద్దాను. ఇంకా మూడే చుట్లు, నేను రెండో స్థానంలో ఉన్నాను, మొదటివాడు అదిగో, రెండు బళ్ళ దూరం. చెయ్యెత్తి ఆపమంటే చాలు. చెయ్యెత్తాలంటే రేడియో మీంచి చెయ్యి తియ్యాలి. తియ్యలేదు. మూడో మలుపులో ఎవరిదో బండి తిరగబడింది, తమ్ముడు దాన్ని లేపడానికి వంగాడు, వాడి వీపు నాకు కనిపిస్తోంది, వానలో తడిసి ఆరిన ఖాకీ చొక్కా. తిప్పాను. బండి తిరగలేదు. ఇంకా తిప్పాను. బ్రేకు గుర్తుకురాలేదు, తిప్పుతూనే ఉన్నాను, చక్రం వింటుందని. ఎండుకొమ్మ విరిగిన చప్పుడు. నేను పరుగెత్తి వెళ్ళేసరికి నేల మీద కూర్చుని ఉన్నాడు, మొహంలో రక్తం లేదు, కాలు ఉండాల్సిన వైపు లేదు. నన్ను చూసి అన్నాడు, "బండికేం కాలేదు కదా అన్నయ్యా?"

ఏమైంది, ఏమైంది అని అందరూ ఒక్కసారి మీద పడ్డారు. రేడియో తప్పింది. నా నోరే అంది ఆ మాట. ఆలోచించి అనలేదు, అదే వచ్చింది. మావన్నీ పాతరకం రేడియోలు, ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు పనిచేస్తే ఒకదాన్నొకటి తినేస్తాయి, అందుకే పందెం నడుస్తుండగా ఎవరూ ఆన్ చేయకూడదు. వెనక బల్ల దగ్గర, మాతోపాటు బళ్ళు నడిపే బేకరీ ఆయన నిలబడి ఉన్నాడు, చేతిలో రేడియో, యాంటెనా సాగదీసి ఉంది. ఆయన మొహం పిండిలా తెల్లబడిపోయింది. "నేనే ఆన్ చేశాను," అన్నాడు, "ఒక్క నిమిషం... బ్యాటరీ చూద్దామని... నేనే". చేయని తప్పుని ఒకడు అంత వేగంగా నెత్తిన వేసుకుంటాడని నేను కల్లో కూడా అనుకోలేదు. అప్పుడైనా అనొచ్చు, కాదండీ మీరు కాదని. ఆస్పత్రి బండి వచ్చింది, తలుపులు వేశారు, ఆ తలుపులతో పాటు నా నోరూ మూతబడింది. ఆ సాయంత్రం ఆస్పత్రి నుంచి కొట్టుకి వచ్చి, అర షట్టరు దింపుకుని, అల్యూమినియం చేయి విప్పి స్ప్రింగు పెట్టాను, పళ్ళు పోయిన సర్వో తీసి పాతదొకటి బిగించాను. విప్పినదాన్ని ఇత్తడి పొట్టుతో పాటు పాతసామాను బండికి వేశాను. మర్నాడు మాస్టారు వచ్చాడు. బండి తిరగేసి చూశాడు, చక్రం నొక్కాడు, మెత్తగా వెనక్కి వచ్చింది. మర తలల దగ్గర కళ్ళజోడు పైకి నెట్టుకుని చాలాసేపు చూశాడు, బురద బండిలో ఆ రెండు మరలే మెరుస్తున్నాయి. తరవాత నన్ను చూశాడు. "రేడియోనే అయ్యుంటుంది" అన్నాడు, చేతులు గుడ్డతో తుడుచుకుని, గుడ్డ మడిచి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. క్లబ్బు మూతపడింది. రోజూ కొట్టు ముందు నుంచే వెళ్తాడు, తల తిప్పడు. ఆయనా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అడగడానికి నాకు మొహం లేదు.

బేకరీ ఆయన తన బళ్ళన్నీ ఎవరికో ఇచ్చేశాడు. ప్రతి శుక్రవారం తమ్ముడి ఇంటికి రొట్టె, బన్నులు పట్టుకొస్తాడు, గుమ్మం దాటి రాడు, బయటే నిలబడి ఎలా ఉంది అని అడిగి వెళ్ళిపోతాడు. ఆస్పత్రిలో ఒకసారి మంచం పట్టీ పట్టుకుని భోరుమన్నాడు. తమ్ముడు ఆయన భుజం తట్టి, "పోనీండి, కావాలని చేశారా ఏంటి" అన్నాడు. కిటికీ దగ్గర నిలబడి నేను బయట ఎవరో బకెట్లు కడుగుతుంటే చూస్తున్నాను. నాలుగు బకెట్లు. మరదలు మాత్రం ఆయన్ని క్షమించలేదు. "ఆ మనిషిని చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది బావగారూ, ఆ రొట్టె పిల్లలకి పెట్టబుద్ధి కాదు" అంటుంది, అని ఆ నోటితోనే, "మీరు లేకపోతే ఏమైపోయేవాళ్ళమో" అంటుంది. నలభయ్యో రోజున కాలు తీసెయ్యాలని డాక్టర్లు చెప్పినప్పుడు, చీము ఎముకకి పట్టిందని, సంతకం ఎవరు పెడతారని అడిగినప్పుడు, ఆవిడ పెన్ను నా వైపు జరిపింది. నేను పెట్టాను. వంకరలేమీ లేకుండా, తాళాల దుకాణం రసీదు మీద పెట్టినంత శుభ్రంగా వచ్చింది సంతకం. ఆ కాగితం మీద కూడా నా చేతి పనే.

ఇప్పుడు ఆఫీసులో వాడికి కుర్చీ వేశారు. ఫోనెత్తి, కరెంటు ఎప్పుడొస్తుంది అంటే వస్తుందండీ అని చెప్పే పని. గాలివాన పడ్డ రోజుల్లో కిటికీ దగ్గరికి కుర్చీ జరుపుకుని ఏ వీధి ఆరిందో చూస్తుంటాడట, ఫలానా మూల స్తంభం మీద పింగాణీ బుడ్డి పగిలి ఉంటుంది, అక్కడ చూడమని ఫోన్లో చెప్తాడట, వాళ్ళు వెళ్ళి చూస్తే అదేనట. మరదలు ఇది గొప్పగా చెప్పింది. నేను తల ఊపాను. నిద్ర పడితే వాడు స్తంభం ఎక్కుతున్నట్టు వస్తుంది, పడకపోతే నేను చుట్లు లెక్కపెడుతుంటాను, రెండో చుట్టు, అంచురాయి, ఇక్కడ చెయ్యెత్తు, ఎత్తు. చెప్తే ఏమవుతుంది? కాలు వస్తుందా? రాదు. ఏడు నెలల్లో నేను చేసినదంతా, మోసుకెళ్ళడం, కట్లు మార్చడం, ఇవాళ ఈ బల్ల మీద కూర్చోవడం, అన్నీ పాడైపోతాయి. వాడికి అన్న ఒక్కణ్ణి మిగిలాను, ఆ ఒక్కణ్ణీ నేనే తీసేసినట్టవుతుంది. ఇలా అనుకుని ఎన్నిసార్లు ఊరుకున్నానో. ఇదంతా వాడి కోసం ఊరుకున్నట్టే ఉంటుంది ఆలోచిస్తే, అదే అన్నిటికన్నా అసహ్యం.

"రండి, చూద్దురుగాని," మేడం తలుపు తీసింది.

లోపల రెండు ఇనప కడ్డీల మధ్య నిలబడి ఉన్నాడు. నిలబడి. వాడు నాకన్నా రెండంగుళాలు పొడుగని మరిచిపోయాను. ప్యాంటు కింద కొత్త బూటు, పాత బూటు. కడ్డీల మీద చేతులు ఆనించి ఒక అడుగు, ఇంకో అడుగు, మేడం పక్కనే నడుస్తూ లెక్కపెడుతోంది, నాలుగు, ఐదు, తొందరొద్దు, బరువు వెయ్యండి, భయపడకుండా వెయ్యండి. ఏడో అడుగుకి ఒక చేయి వదిలాడు. తొమ్మిదో అడుగుకి రెండోదీ వదిలి, గాల్లో అలా పట్టుకుని, నా వైపు చూసి చిన్నప్పటి నవ్వు నవ్వాడు. నుదుటి నిండా చెమట.

"అన్నయ్యా, ఇక్కణ్ణించి సరాసరి బేకరీకి పోదాం. లోపలికి నడిచి వెళ్ళి ఆయన ముందు నిలబడతా. చూశారా మహానుభావా, నిలబడ్డాను, ఇక ఆ బన్నులు ఆపండి, మా పిల్లలు కూడా బన్నుల్లా తయారవుతున్నారు అని చెప్తా. పాపం ఏడు నెలల్నుంచి నా మొహం సూటిగా చూడలేదు ఆయన. నువ్వు కూడా చెప్పు ఆయనకి, నీ మాటైతే వింటాడు."

"రేడియో కాదురా," అన్నాను.

"ఏంటి?"

"ఆ రోజు. రేడియో కాదు. స్ప్రింగు తీసేశాను నేను. అల్యూమినియంతో చేయి చేసి బిగించాను. రెండో చుట్టులో పళ్ళు పోయాయి. పోయాయని తెలిసింది నాకు. ఆపలేదు."

వాడు చేతులు మళ్ళీ కడ్డీల మీద పెట్టాడు. ముందు ఎడమది, తరవాత కుడిది. మేడం చటుక్కున వంగి బూటు లేసు సరిచేయడం మొదలుపెట్టింది, అది బాగానే ఉంది.

"మాస్టారు చూశారుగా బండిని?"

"ఆయన వచ్చేసరికి మార్చేశాను."

"బేకరీ ఆయన?"

"ఆయనకేం సంబంధం లేదు."

వాడు నా మొహంలోకి చూడటం లేదు, నా చేతుల్ని చూస్తున్నాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టుకుని మళ్ళీ తీశాను. కోప్పడతాడని, అరుస్తాడని, ఏడుస్తాడని, ఏడు నెలల్లో అన్ని రకాలుగానూ ఊహించి పెట్టుకున్నాను, అన్నిటికీ జవాబులు సిద్ధం చేసుకున్నాను.

"ఎంత కలిసొచ్చింది?" అన్నాడు.

"ఏంటి?"

"స్ప్రింగు తీసేస్తే. చుట్టుకి ఎంత కలిసొచ్చింది?"

ఇది మాత్రం ఊహించలేదు. అబద్ధం చెబుదామన్నా ఏ అబద్ధం చెప్పాలో తోచలేదు. "అర సెకను," అన్నాను.

"అర సెకను," అన్నాడు వాడు. వెటకారంగా కాదు. ఫోన్లో ఎవరో చెప్పిన చిరునామాని తప్పు పోకుండా తిరిగి చెప్పుకున్నట్టు.

మేడం లేచి, ఇప్పుడు వెనక్కి తిరగడం నేర్చుకుందాం, మొదట్లో తూలుతుంది, మీ అన్నయ్యగారి చేయి పట్టుకుని తిరగండి అంది. నేను ముందుకి వచ్చి చేయి చాపాను. వాడు దాన్ని చూశాడు. కడ్డీనే పట్టుకుని, పళ్ళు బిగబట్టి, కొంచెం తిరిగి ఆగి, ఇంకొంచెం తిరిగి, వీపు నా వైపు వచ్చేదాకా తిరిగాడు.

"మీరు వెళ్ళండి," అన్నాడు.

పుట్టినప్పటి నుంచి నన్ను నువ్వు అన్నవాడు. మేడంతో అంటున్నాడనుకుని ఆవిడ వైపు చూశాను. ఆవిడ నా వైపు చూస్తోంది.